చెప్పాపెట్టకుండా మూసేసిన రన్‌వే

ఇంకెలా చేసినా అనవసరంగా గొడవయ్యేది, అందుకే ఇలా చేశాం అన్నాడు షికాగో మేయర్ రిచర్డ్ ఎం. డేలీ. 2003 మార్చి 31, సోమవారం. ఆయన విలేకరుల ముందుకి వచ్చేసరికే పని అయిపోయింది. ఆదివారం అర్ధరాత్రి దాటాక పోలీసులను వెంటబెట్టుకుని బుల్డోజర్లు వచ్చి, మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న మెగ్స్ ఫీల్డ్ అనే చిన్న ఎయిర్‌పోర్టు రన్‌వే మీద ఆరు పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు తవ్వి పారేశాయి. రన్‌వే మూసేశామని పైనున్న పైలట్‌కి చెప్పే గుర్తు అదే. మామూలుగా రంగుతో వేస్తారు. ఇక్కడ గోతులతో వేశారు.

విమానాల పిచ్చి ఉన్నవాళ్ళందరికీ ఈ కథ కంఠతా వచ్చు కాబట్టి మొత్తం మళ్ళీ చెప్పను. ఆ పిచ్చి లేనివాళ్ళలో కూడా చాలామందికి మెగ్స్ తెలిసే ఉంటుంది. కంప్యూటర్లో విమానం నడిపే ఆట మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ తెరవగానే ఏళ్ళ తరబడి మన విమానం నిలబడి ఉన్నది ఈ రన్‌వే మీదే. ఆ సాఫ్ట్‌వేర్‌కి మూలపురుషుడు బ్రూస్ ఆర్ట్‌విక్ షికాగో ఉన్న రాష్ట్రంలోనే, ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాడు, కాబట్టి షికాగోని ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు. హాస్టల్లో ఒక్క కంప్యూటర్ చుట్టూ గదినిండా చేరి వంతులేసుకుని మరీ అక్కణ్ణుంచి లేచేవాళ్ళం. ఎక్కువమంది నేరుగా సరస్సులో పడేవాళ్ళం.

అసలు రన్‌వే పోయి ఇరవై ఏళ్ళు దాటినా, ఇక్కడి పైలట్ల దగ్గర ఆ పేరెత్తితే ఇప్పటికీ మొహాలు మారిపోతాయి. వాళ్ళ మాటలు చాలాకాలంగా వింటున్నాను. వాళ్ళ కోపం న్యాయమైనదే అంటాను. కాకపోతే వాళ్ళు ఎక్కువగా చెప్పుకునే కారణాలకి కాదు. ఊరికి ఎయిర్‌పోర్టు ఉండాలా, పార్కు ఉండాలా అన్నది రెండువైపులా వాదించదగ్గ విషయం. నాకు మింగుడుపడనిది డేలీ అన్న ఆ ఒక్క మాట. ఆ గొడవ అనవసరమైనది కాదు. అప్పుడు జరగాల్సింది ఆ గొడవే.

ఎయిర్‌పోర్టు లేకపోతే?

ఇలినాయ్‌లోనే ఒక చిన్న ఎయిర్‌పోర్టులో విమానం నడపడం నేర్చుకునే రోజుల్లో, మొదటిసారి దూర ప్రయాణానికి ప్లాన్ వేసుకుని మా ఇన్‌స్ట్రక్టర్‌కి చూపించాను. ఎంత ఇంధనం, ఎంత గాలి, ఏ ఎత్తులో వెళ్ళాలి, అన్నీ కాగితం మీద నీటుగా లెక్కలు కట్టి ఉన్నాయి. ఆయన అన్నీ చూసి, "బాగానే ఉంది. నువ్వు వెళ్ళేసరికి అక్కడ ఎయిర్‌పోర్టు లేకపోతే?" అన్నాడు. నవ్వొచ్చింది నాకు. ఎయిర్‌పోర్టు లేకపోవడమేంటి? వాతావరణం బాగోకపోవచ్చు, రన్‌వే మీద వేరే విమానం ఆగిపోయి ఉండొచ్చు. మొత్తానికే లేకుండా ఎలా పోతుంది?

ఆయన ఏమీ అనకుండా బీరువాలోంచి పాత సెక్షనల్ చార్టు, అంటే పైలట్లు వాడే మ్యాపు, ఒకటి తీసి బల్ల మీద పరిచాడు. మడతలన్నీ చిరిగి, వెనకనుంచి టేపు అంటించి ఉంది. సరస్సు ఒడ్డునే, నేలకీ నీటికీ మధ్య, చిన్న నీలి వృత్తం. అందులో నిలువుగా తెల్ల గీత. కంట్రోల్ టవర్ ఉన్న ఎయిర్‌పోర్టులని ఆ చార్టుల్లో నీలంలో, లేనివాటిని ముదురు గులాబీ రంగులో వేస్తారు. ఆ తెల్ల గీతే మెగ్స్ రన్‌వే, సుమారు 3,900 అడుగులు. దాని మీద గోరు పెట్టి, "ఆదివారం రాత్రి పడుకున్నప్పుడు ఇది ఉంది. సోమవారం పొద్దున లేచేసరికి లేదు. ముందుగా ఒక్క నోటామ్ లేదు" అన్నాడు. నోటామ్ అంటే ప్రతి పైలట్ బయల్దేరే ముందు చదువుకోవాల్సిన హెచ్చరిక. ఫలానా రన్‌వే మూసి ఉంది, ఫలానా టవర్ మీద దీపం వెలగట్లేదు, ఫలానా చోట క్రేన్ నిలబెట్టారు, ఇలాంటివి. కాలిపోయిన దీపానికి కూడా నోటీసు ఇచ్చే వ్యవస్థలో ఒక ఎయిర్‌పోర్టు మొత్తం నోటీసు లేకుండా పోయింది.

ఆ తర్వాత ఆయన చెప్పిందే నా బుర్రలో ఎక్కువ పనిచేసింది. పైలట్‌కి ఎయిర్‌పోర్టు అంటే వెళ్ళి దిగే చోటు మాత్రమే కాదట. అక్కడ దిగకుండా పక్కనుంచి వెళ్ళిపోయేటప్పుడు కూడా అది పనిచేస్తూనే ఉంటుంది. సెస్నా 172 లాంటి ఒంటి ఇంజను విమానం, ఇంజను ఆగిపోతే, ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ సుమారు ఒకటిన్నర నాటికల్ మైలు జారుకుంటూ పోగలదు. షికాగో సరస్సు ఒడ్డు వెంబడి, ఊరి పెద్ద ఎయిర్‌పోర్టు ఒహేర్‌కి కేటాయించిన గగనతలం కింద నక్కి వెళ్ళాలి కాబట్టి ఎక్కువ ఎత్తుకి పోయే వీలుండదు. అంటే చేతిలో ఉన్నది ఏ రెండు మైళ్ళో. ఒకపక్క ఆకాశహర్మ్యాలు, ఇంకోపక్క ఏడాదిలో చాలా నెలలు గడ్డకట్టించేంత చల్లటి నీళ్ళు. ఆ రెండింటి మధ్యా ఉన్న ఒకే ఒక్క చదునైన చోటు మెగ్స్.

సోమవారం పొద్దున మెగ్స్‌కి వస్తున్న విమానం ఒకదాన్ని, రన్‌వే మీద యంత్రాలు ఉన్నాయని ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు వేరేచోటికి మళ్ళించాల్సి వచ్చింది. ఎయిర్‌పోర్టులో కట్టేసి ఉన్న 16 విమానాలు అక్కడే ఇరుక్కుపోయాయి. తర్వాత అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ప్రత్యేకంగా అనుమతిస్తే, రన్‌వే పక్కనున్న 3,000 అడుగుల టాక్సీవే మీంచి లేచి వెళ్ళాయి. టాక్సీవే ఉన్నది నేల మీద మెల్లగా దొర్లుకుంటూ పోవడానికి. దాని మీంచి గాల్లోకి లేవడం చేయగలిగిన పనే గానీ, పైలట్‌కి ఇష్టమైన పని కాదు.

కోపంలో రకాలు

పైలట్ల కోపం అంతా ఒకటే అనుకుంటారు బయటివాళ్ళు. నాకు తెలిసి అందులో రకరకాలు ఉన్నాయి.

అన్నింటికన్నా ఎక్కువగా వినపడేది అందం పోయిందన్న బాధ. దక్షిణం నుంచి దిగుతుంటే ఎడమచేతి వైపు షికాగో భవనాలన్నీ వరసగా, కుడివైపు కనుచూపుమేర నీళ్ళు, ఎదురుగా ప్లానెటేరియం. దిగి బయటికొస్తే డౌన్‌టౌన్ పక్కనే. అమెరికాలో ఇంకే పెద్ద నగరంలోనూ ఇంత వైభోగం లేదని చెబుతారు. నిజమే అయ్యుండొచ్చు. కానీ దీన్ని వాదనగా ముందుకి తెచ్చిన ప్రతిసారీ పైలట్లు తమ కాళ్ళు తామే నరుక్కున్నారని నా అభిప్రాయం. 'మాకు ఎంతో బాగుండేది' అన్న మాట వినగానే, మెగ్స్‌లో ఎప్పుడూ అడుగుపెట్టని లక్షలాదిమంది 'అయితే మాకేంటి?' అనే అంటారు.

రెండో రకం మోసపోయామన్న కోపం. 2001 చివర్లో అప్పటి ఇలినాయ్ గవర్నర్ జార్జ్ రయన్‌కీ డేలీకీ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఒహేర్ విస్తరణకి రాష్ట్రం అడ్డుపడదు, దానికి బదులు మెగ్స్‌ని మరో పాతికేళ్ళు కదపరు. అయితే దాన్ని చట్టంగా మార్చాల్సిన బిల్లు అమెరికా సెనేట్‌లో గట్టెక్కలేదు. ఒప్పందం బతికే ఉందనుకున్నారు పైలట్లు, చచ్చిపోయిందనుకున్నాడు మేయర్. ఇందులో తప్పెవరిదంటే నేను తేల్చలేను. చట్టం కాని ఒప్పందాన్ని నమ్ముకుని నిశ్చింతగా ఉండటం పైలట్ల అమాయకత్వం అనేవాళ్ళు పైలట్లలోనే ఉన్నారు. వాళ్ళ మాటా కొట్టిపారేయలేం.

ఇంకో రకం వాళ్ళు తక్కువ మాట్లాడతారు. మా ఇన్‌స్ట్రక్టర్ ఈ కోవలోకే వస్తాడు. ఎయిర్‌పోర్టు పోతే పోయింది, చార్టు మీద ఉన్నది నేల మీద లేకుండా చేశారే, అదీ వాళ్ళ బాధ. విమానాలు నడిచేది ఆ నమ్మకం మీదే. ఎయిర్‌పోర్టు మూసేయాలంటే ఎఫ్‌ఏఏకి 30 రోజుల ముందు తెలపాలన్న నిబంధన పుట్టింది అందుకే. అది మర్యాద కోసం పెట్టిన నిబంధన కాదు. ఈ చివరి రకం కోపాన్ని ఊళ్ళో ఎవరికి చెప్పినా అర్థమవుతుంది, పైలట్ అవ్వక్కర్లేదు. దురదృష్టం ఏమిటంటే ఆ రోజుల్లో ఎక్కువమంది చెవిన పడింది ఇది కాదు. 'ధనవంతులు తమ సొంత రన్‌వే పోయిందని ఏడుస్తున్నారు' అన్నంతవరకే వెళ్ళింది.

బావమరిది అడిగిన ప్రశ్న

ఆమధ్య మా బావమరిది వస్తే నార్తర్లీ ఐలండ్ తీసుకెళ్ళాను. మెగ్స్ ఉన్న చోటే అది. వేసవి సాయంత్రం, మోకాళ్ళ దాకా గడ్డి, పిట్టలు, సైకిళ్ళ మీద పిల్లలు, నీటికి అవతల ఊరు. నేను అలవాటుగా రన్‌వే ఇటునుంచి అటు ఉండేదని చూపిస్తూ ఉంటే, కాసేపు విని అందుకున్నాడు.

"చోద్యం కాకపోతే ఏంటి బావా మీ పైలట్లది? ముప్పై లక్షల జనం ఉన్న ఊళ్ళో, ఇంత చోటు కంచె వేసి పట్టుమని పాతికమంది విమానాలకి ఉంచాలా? ఆ పదహారు విమానాలు ఎవరివి, కూలీనాలీ చేసుకునేవాళ్ళవా?"

పాతికమంది అన్నది వాడి అతిశయోక్తి. డాక్టర్లు, వ్యాపారులు, అధికారులు, విమానం నేర్చుకునేవాళ్ళు చాలామందే వాడేవారు. అయినా వాడి ప్రశ్నలో బలం ఉంది. ఈ నేల మొత్తం సరస్సులో మట్టిపోసి తయారుచేసింది. 1909లో ఆర్కిటెక్ట్ డానియల్ బర్నమ్ గీసిన షికాగో ప్లాన్‌లో ఒడ్డు పొడుగునా పార్కులు, ద్వీపాలు ఉండాలి. ఆ ద్వీపాల్లో కట్టింది ఇదొక్కటే. 1933-34లో ప్రపంచ ప్రదర్శన జరిగిందిక్కడ, 1948లో ఎయిర్‌పోర్టు వచ్చింది. జనానికని పోసిన నేల జనానికే ఇచ్చేస్తున్నానని మేయర్ అంటే తప్పుపట్టడం కష్టం. పైగా నేల ఊరి పార్కులు చూసుకునే సంస్థ పార్క్ డిస్ట్రిక్ట్‌ది. నగరానికి ఇచ్చిన లీజు 1996లోనే అయిపోయింది. అన్నట్టు 1961లో ఇక్కడి టెర్మినల్‌ని ప్రారంభించిన మేయర్ ఈయన తండ్రే, రిచర్డ్ జె. డేలీ.

లీజు అయిపోయాక ఇంకా ఏం మాట్లాడతారు అన్నాడు మా వాడు. అద్దె గడువు తీరిందని ఓనర్ ఇల్లు ఖాళీ చేయమనడం వేరు, సామాను లోపలే ఉండగా రాత్రిపూట వచ్చి ఇంటికప్పు పీకేయడం వేరు కదా అన్నాను. హక్కు ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న, ఆ హక్కు ఎలా వాడుకోవాలన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు డేలీ వైపే మొగ్గొచ్చు. తర్వాత కోర్టుల్లో వేసిన కేసులు కూడా ఎయిర్‌పోర్టుని తిరిగి తేలేకపోయాయి. రెండోదానికి మాత్రం ఏ లీజు కాగితమూ సమాధానం కాదు.

పార్కు గురించి కూడా ఒక మాట. రన్‌వే తవ్వడానికి ఒక్క రాత్రి సరిపోయింది. 2005లో ఇక్కడికొచ్చింది టికెట్ కొనుక్కుని వెళ్ళే కచేరీ వేదిక, అది 2013లో 30,000 మంది పట్టేలా పెరిగింది. మేం నడిచిన ఆ గడ్డి, చిత్తడి ఉన్న దక్షిణ భాగం తెరిచింది 2015లో. కంచె తీసేసి అందరికీ ఇచ్చేస్తామన్నదాంట్లో సగభాగం అందరికీ అందేసరికి పన్నెండేళ్ళు. ఇంత నిదానంగా కట్టే పార్కుకి 30 రోజుల నోటీసు ఇచ్చే తీరిక లేకపోయింది.

1996లో వేసిన రంగు

నా వాదనకి అసలు ఇబ్బంది ఇక్కడ మొదలవుతుంది. డేలీ తరఫున నిలబడి ఆలోచిస్తే, నోటీసు ఇచ్చి చూశాడు ఆయన. పార్కు చేస్తానని 1994లోనే చెప్పాడు. 1996 సెప్టెంబరు 30న అందరికీ తెలిసేలా ఎయిర్‌పోర్టు మూశాడు. రన్‌వే మీద ఇంటూ గుర్తులు రంగుతో వేయడం మొదలుపెట్టారు. ఏమైంది? రాష్ట్ర శాసనసభ మీదపడింది. 1997 ఫిబ్రవరిలో మళ్ళీ తెరవాల్సి వచ్చింది. శాసనసభ ఉండేది రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో. అక్కణ్ణుంచి షికాగో డౌన్‌టౌన్‌కి రావాలంటే మెగ్స్ అంత వీలైన చోటు ఇంకోటి లేదు. ఊరి నేల మీద ఊరు తీసుకున్న నిర్ణయాన్ని, ఆ ఎయిర్‌పోర్టుతో సొంత అవసరం ఉన్నవాళ్ళు ఆపేశారు. పైలట్లు దీన్ని విజయంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అదంత శుభ్రమైన విజయంగా కనపడదు.

కాబట్టి 2003లో డేలీ లెక్క తేలిగ్గానే ఊహించుకోవచ్చు. నోటీసు ఇస్తే స్టే వస్తుంది, స్టే వస్తే ఏళ్ళు పడుతుంది, ఈలోగా రాష్ట్రమో కేంద్రమో ఇంకో చట్టం తెస్తుంది. ఫిబ్రవరిలోనే నాలుగింట మూడొంతుల పైచిలుకు ఓట్లతో మళ్ళీ గెలిచాడు. జనం నావైపే ఉన్నారని అనుకోవడానికి కారణం లేకపోలేదు. నేను ఎప్పటినుంచో వద్దంటున్నదేదో, ఒక పొగ చిమ్మే ఫ్యాక్టరీయో ఇంకోటో, ఇలాగే రాత్రికి రాత్రి నేలమట్టం చేసి ఉంటే నేను ఇంత బాధపడేవాణ్ణా? నిజాయితీగా చెప్పాలంటే, లోలోపల సంతోషించేవాణ్ణేమో. ఈ ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

అయినా ఇటే మొగ్గుతాను, ఎందుకంటే 1996కీ 2003కీ మధ్య మేయర్ మార్చుకున్నది కారణాలని కాదు, పనిముట్టుని. రంగు వేస్తే కడిగేయొచ్చు, కడిగేశారు కూడా. ఈసారి కడగడానికి వీల్లేనిది కావాలి. బుల్డోజర్ ఎందుకంటే అందుకే. ఎయిర్‌పోర్టు మూయడమే ఉద్దేశమైతే దానికి తాళం చాలు. రన్‌వేని ఆరుచోట్ల తవ్వింది, రేపు ఏ కోర్టు ఏ తీర్పు ఇచ్చినా అది కాగితం మీదే మిగిలిపోవాలని. ఓడిపోతానేమో అన్న భయంతో వాదననే లేకుండా చేయడం అది. మేయర్‌కి ఓటేసిన జనం ఆయనకి పార్కు కట్టే అధికారం ఇచ్చి ఉండొచ్చు గానీ, ఈ అధికారం ఇవ్వలేదు. వాళ్ళు ఎన్నుకున్న సిటీ కౌన్సిల్ చేత కూడా ఆ రాత్రి గురించి ఓటు వేయించలేదు.

పైలట్లు 'పార్కూ ఉంటుంది, విమానాలూ ఉంటాయి' అని రెండూ కలిసిన ప్లాన్ ఒకటి ముందే తయారుచేసి పెట్టారు. రన్‌వే చుట్టూ పార్కు, విమానాల మ్యూజియం వగైరా. గొప్ప ప్లానా కాదా అన్నది పక్కనపెడదాం. నాకైతే రన్‌వే పక్కన పిల్లల్ని ఆడించే పార్కు అంటే కొంచెం టెన్షన్‌గానే ఉంటుంది. కానీ దాన్ని నలుగురిలో పెట్టి చీల్చి చెండాడాల్సింది. అలా జరిగి ఉంటే మా బావమరిది అడిగిన ప్రశ్న పైలట్లకి 2003లోనే సూటిగా తగిలేది, దానికి వాళ్ళు సరైన జవాబు వెతుక్కోవాల్సి వచ్చేది.

భద్రత పేరుతో

ఆ సోమవారం డేలీ చెప్పిన పెద్ద కారణం ఉగ్రవాదం. సెప్టెంబరు 11 జరిగి ఏడాదిన్నర, ఇరాక్ యుద్ధం మొదలై రెండు వారాలు కూడా కాలేదు. డిస్నీ పార్కుల మీద విమానాలు ఎగరకుండా అప్పుడే ఆంక్ష పెట్టారు. మిక్కీ మౌస్‌కి ఇచ్చిన రక్షణ షికాగోకి ఇవ్వరా అని ఆయన దెప్పిపొడిచాడు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఆ రోజుల్లో ఎత్తైన భవనంలో పనిచేసేవాళ్ళకి కిటికీ పక్కగా చిన్న విమానం వెళ్తే ఎలా ఉండేదో విన్నాను.

కానీ ఈ కారణం అసలు పనిచేయదు. షికాగోలోని ఇంకో ఎయిర్‌పోర్టు మిడ్‌వే నుంచి డౌన్‌టౌన్‌కి చిన్న విమానంలో ఐదారు నిమిషాలు. దుర్బుద్ధితో వచ్చేవాడికి మెగ్స్‌లో దిగాల్సిన పనేముంది? పైగా మెగ్స్‌లో ఎఫ్‌ఏఏ కంట్రోల్ టవర్ ఉండేది. దాని చుట్టూ ఉన్న గగనతలంలోకి రావాలంటే టవర్‌తో మాట్లాడి తీరాలి. ఎయిర్‌పోర్టు పోవడంతో టవరూ పోయింది, ఆ నియమమూ పోయింది. ఒడ్డు వెంబడి ఒహేర్ గగనతలం కిందుగా ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయే వీలు అప్పుడే వచ్చింది. పైలట్ల సంఘం ఏఓపీఏ ఈ మాట వెంటనే అంది గానీ, విన్నవాళ్ళు తక్కువ. భద్రతే కారణమైతే ముందు అడగాల్సిన హోంలాండ్ సెక్యూరిటీ శాఖని అడగలేదు. 1994 నుంచీ ఉన్న పార్కు కోరికకి 2003లో దొరికిన చొక్కా అది. రోజులు గడిచేకొద్దీ ఆ చొక్కా పక్కనపెట్టి, మళ్ళీ పార్కు మాటే ముందుకొచ్చింది.

ముప్పై మూడు వేలు

నోటీసు ఇవ్వనందుకు ఎఫ్‌ఏఏ జరిమానా వేసింది. చట్టంలో ఉన్న గరిష్ఠం రోజుకి 1,100 డాలర్లు. ముప్పై రోజులకి 33,000. అప్పీళ్ళు నడిపి, చివరికి 2006లో నగరం కట్టింది. దాంతోపాటు, ఎయిర్‌పోర్టుల కోసం ఇచ్చిన నిధులని ఎయిర్‌పోర్టు పడగొట్టడానికి వాడినందుకు పది లక్షల డాలర్లు తిరిగి జమ చేయడానికి ఒప్పుకుంది. అంత పెద్ద నగరానికి 33,000 జరిమానా కాదు, ఫీజు. బుల్డోజర్ల ఖర్చు అంతకన్నా ఎక్కువే అయ్యుంటుంది.

2003 డిసెంబరులో వచ్చిన చట్టం ఆ గరిష్ఠాన్ని రోజుకి 10,000కి పెంచింది. దాన్ని మెగ్స్ పేరుతోనే చెప్పుకుంటారు. పైలట్లు సాధించిన గట్టి ఫలితం ఇదొక్కటే. గమనిస్తే ఇది ఏ ఎయిర్‌పోర్టునీ మూయొద్దని అనదు, చెప్పి మూయమంటుంది. అందాన్ని, వైభోగాన్ని పక్కనపెట్టి, అందరికీ అర్థమయ్యే ఆ చివరి రకం కోపాన్ని అమెరికా చట్టసభ కాంగ్రెస్ ముందు పెట్టినప్పుడు పని జరిగింది. కాకపోతే ఇదీ చాలదంటాను. రోజుకి పదివేలంటే నెలకి మూడు లక్షల డాలర్లు, మనసు గట్టిగా చేసుకున్న మేయర్‌కి అదీ ఫీజే. నోటీసు గడువు పూర్తయ్యేదాకా రన్‌వేని ముట్టుకోకూడదు, లోపలున్న విమానాలన్నీ బయటికెళ్ళేదాకా తవ్వకూడదు అన్న నియమం, ముట్టుకుంటే వెంటనే ఆపించే అధికారం ఉంటేనే దానికి విలువ. డబ్బుతో కొనుక్కోగలిగే నిబంధన నిబంధన కాదు.

చెప్పి మూయడం ఎలా ఉంటుందో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో చూస్తున్నాం. అక్కడా ఇదే తగువు: ఇళ్ళ మధ్య ఎయిర్‌పోర్టు, శబ్దం, పొగ, డబ్బున్నవాళ్ళ జెట్లు. 2014లో రెండు ప్రతిపాదనలు పోటీగా ఓటింగ్‌కి పెడితే, మూసే అధికారం నగరానికి ఉండాలన్నదే గెలిచింది. 2017లో ఎఫ్‌ఏఏతో కోర్టు రాజీ కుదిరింది. ఆ ఏడాది చివర్లో రన్‌వేని దాదాపు 5,000 అడుగుల నుంచి 3,500కి కుదించారు, 2028 డిసెంబరు 31 తర్వాత మూసేసుకోవచ్చన్నారు. రాజీ కుదిరినప్పుడు అది పదకొండేళ్ళు పైబడిన గడువు. ఇది నిదానంగా చేసిన మెగ్సే అంటారు కొందరు పైలట్లు. రన్‌వే పొడవు కోయడం మళ్ళీ వెనక్కి తీసుకోలేని పనే కదా అని అడుగుతారు.

వాళ్ళతో ఒప్పుకోను. శాంటా మోనికాలో అరిచారు, ఓట్లు వేశారు, కోర్టులకెక్కారు. అదంతా డేలీ అనవసరం అనుకున్న గొడవే. నేను ఆ ఊరి ఓటర్నయితే మూయొద్దనే ఓటేసి ఉండేవాణ్ణి, ఓడిపోయి ఉండేవాణ్ణి. ఈపాటికి చుట్టుపక్కల ఏ ఎయిర్‌పోర్టులో విమానం పెట్టుకునే హ్యాంగర్ దొరుకుతుందో, నెలకి ఎంత అడుగుతున్నారో కనుక్కుంటూ ఉండేవాణ్ణి.